రంపానికి అవతలి కొస

దేవరాజులు మద్రాసు రాయపురం వచ్చి మూడేళ్ళు దాటినా అక్కడ ఎవరికీ అతని ఊరు తెలియదు. అడిగితే "తిరుపతి పక్క" అనేవాడు. ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన ఏడాది వచ్చాడు గనుక, పని దొరక్క ఇటు వచ్చిపడ్డాడని అందరూ అనుకున్నారు.

గోపాలస్వామి నాయుడి కలప అడితిలో రంపపు కోత అతని పని. హార్బరులో దిగిన దుంగలు ఎద్దుబండ్ల మీద అడితికి వచ్చేవి. గుంటకు అడ్డంగా దుంగను పెట్టి, దాని మీద ఒకడు, గుంటలో ఒకడు నిలబడి పొడుగాటి రంపాన్ని పైకీ కిందికీ లాగాలి. కళ్ళలో, చెవుల్లో పొట్టు పడుతుందని కిందికి దిగడానికి అందరూ జంకేవాళ్ళు. దేవరాజులు అడిగి మరీ దిగేవాడు. గుంటలో ఉన్నవాణ్ణి ఎవరూ పలకరించరు.

పొద్దు వాలాక అడితి వెనక రేకుల కొట్టంలో వండుకునేవాడు. చుట్టూ గుడిసెల్లో అరవమూ తెలుగూ కలిసిన తగువులు, నవ్వులు, వేగుతున్న చేపల వాసన. ఇంత జనం మధ్య, పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. నాయుడు కూడా "ఏమప్పా" అనే పిలిచేవాడు.

ఊళ్ళో ఉన్నప్పుడు అతను అడవిలో చెట్లు కొట్టించే కూపు మేస్త్రి. తేనెకోన కింద ఉండే ఆ చిన్న ఊరంతా గొడ్డలి మీదే బతికేది. ధర్మలింగం అనే కంట్రాక్టరు సర్కారు వేలంలో అడవిని పాట పాడుకునేవాడు. దేవరాజులు కూలీలను వెంటబెట్టుకుని చెట్లు కొట్టించేవాడు. పాట దక్కింది కొండ అంచున గుర్తు వేసిన చెట్లకే. అవి అయిపోయాక ధర్మలింగం కోన లోపలికి పొమ్మన్నాడు. అక్కడివి ఎవరి తాతలూ ముట్టుకోని చెట్లు. నలుగురు చేతులు కలిపినా కౌగిలికి అందని నల్లమద్దులు, ఏగిసలు. మొదటి గొడ్డలి పెట్టించింది దేవరాజులే.

ఒక పెద్ద మద్ది కూలింది. దాని తొర్రలో, మట్టితో మూసుకున్న గూట్లో, ఒక పెద్దముక్కు ఆడపిట్ట రెక్కలు రాని పిల్లలతో సహా చచ్చి ఉంది. కూలీలు దాన్ని కాల్చుకుని తిన్నారు. దేవరాజులు కూడా తిన్నాడు. తింటూ ఉండగానే మగపిట్ట ముక్కున మేడిపండు కరుచుకుని వచ్చింది. చెట్టు లేదు. తొర్ర ఉండిన ఎత్తులోనే గాలిలో నిలబడబోయి, నిలవలేక పోయి, మళ్ళీ వచ్చింది. పొద్దు గుంకేదాకా అలా వస్తూనే ఉంది. "దానికి పిచ్చి" అని ఎవరో నవ్వారు.

తర్వాత ఫారెస్టు రేంజరు వచ్చి హద్దు దాటారా అని అడిగాడు. చెట్లు గాలికి పడ్డాయని అందరూ ఒకే మాట చెప్పారు. దేవరాజులు నేల చూస్తూ, "దాటినాము సామీ. నేనే దాటించినా" అన్నాడు.

పాట రద్దయింది. కోనను మూసేశారు. గొడ్డళ్ళు చూరుల్లోకి ఎక్కాయి. ఊరు అతనికి నిప్పు ఇవ్వలేదు, నీళ్ళు ఇవ్వలేదు. భార్య అమ్మణి చీరలు మూట కట్టుకుని తన తమ్ముడు సుబ్బన్ ఇంటికి పోతూ గడప దగ్గర ఆగింది.

"ఊరి పొయ్యిలన్నిట్లో నీళ్ళు పోస్తివి. ఇంక ఆ చెట్లతోనే కాపురం చేసుకో."

ఆ సుబ్బనే ఒక పొద్దున అడితి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. దేవరాజులును చూసి ముఖం తిప్పుకున్నాడు. అయినా వెనక్కి పోలేదు. పోవడానికి వేరే చోటు ఉన్నట్టు లేదు.

"మీ పక్కవాడే మాదిరి ఉండాడు. రంపం తెలుసంట. నీ జతకు పెట్టుకోప్పా" అన్నాడు నాయుడు.

ఒకప్పుడు ఆ బావాబావమరుదులు ఒకచోట చేరితే ఊరికి నవ్వులాట. ఇప్పుడు ఒకే రంపం చెరో కొస పట్టుకుని పొద్దస్తమానం లాగినా మాట లేదు. పైనుంచి సుబ్బన్ లాగే లాగులో కోపం తెలిసేది. రంపం గీత తప్పేది. నాయుడు కేకలేసేవాడు. దేవరాజులు కింద నుంచి ఆ వేగానికే తన చేతిని సర్దుకుని, కొంచెం కొంచెంగా గీతలోకి తెచ్చేవాడు.

వానలు మొదలయ్యాక రక్తంలా ఎర్రని దుంగ ఒకటి వచ్చింది. సగం కోసి, కూటి పొద్దుకు ఇద్దరూ దాని నీడనే ఎడంగా కూర్చున్నారు. సుబ్బన్ దాన్ని చేత్తో తడిమాడు.

"ఇది యాడ చెట్టు?"

ఎవరిని అడిగాడో తేల్చుకోవడానికి దేవరాజులుకు కొంతసేపు పట్టింది. "అండమాను" అన్నాడు.

"దీన్ని గుడక ఎవురో కొట్టిందే కదా. దీన్ని కోసి నువ్వు కూడు తింటా ఉండావు. మా కూడు ఒకటే నీకు పాపమై పోయిందా?"

దేవరాజులు అన్నం కలుపుతూ, "ఈడికి పిట్టలు రావు రా" అన్నాడు.

సుబ్బన్ దుంగ మీంచి చెయ్యి తీశాడు. ఆనాడు పిట్టను కాల్చింది అతనే.

దేవరాజులే మళ్ళీ అడిగాడు. "అమ్మణి ఎట్టుండాది?"

"ఉండాది. మేకలు కాస్తాది."

"కోన?"

"చెట్లు ఉండాయి బావా. మనుషులే లేరు. ఒక్కొక్కరే గాజులమండ్యం పక్క, బెంగుళూరు పక్క ఎళ్ళిపోయినారు."

బావా అన్న పిలుపు విని దేవరాజులు తన గిన్నెను అతని వైపు జరిపాడు. ఆ పూట నుంచి ఇద్దరూ ఒకే కుండలో వండుకున్నారు. ఎక్కువ మాటలేమీ లేవు. అయినా రాత్రి కొట్టంలో ఇంకొకరి ఊపిరి వినబడుతుంటే దేవరాజులుకు నిద్ర పట్టేది.

అది ఎక్కువ కాలం సాగలేదు. అండమాను అడవుల్లో చెట్లు కొట్టడానికి కూలీలను తీసుకుంటున్నారని హార్బరులో మాట పుట్టింది. సుబ్బన్ పేరు ఇచ్చి వచ్చాడు.

"పెండ్లాం బిడ్డల్ని తోడుకుని పోతాండా. నువ్వూ రా బావా. నీ మాదిరి మేస్త్రి వాళ్ళకు యాడ దొరుకుతాడు?"

"నేను రాలేను."

"ఆడ అడవి కొదవ లేదంట. ఎంత కొట్టినా తరగదంట."

కోన గురించి కూడా ధర్మలింగం అదే మాట అన్నాడు. దేవరాజులు ఆ సంగతి పైకి చెప్పలేదు. పొమ్మనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. గొడ్డలి పిడి వదులైందని సుబ్బన్ చూపిస్తే, కూర్చుని గట్టిగా బిగించి ఇచ్చాడు.

ఓడ ఎక్కించడానికి అమ్మణి వచ్చింది. ఆమె జుట్టు నెరిసింది. హార్బరు గేటు దగ్గర తమ్ముడి బిడ్డలను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఓడ కదిలిపోయాక ఆమె పక్కన దేవరాజులు ఒక్కడే మిగిలాడు. ఆమె వద్దనలేదు గనుక సెంట్రల్ స్టేషన్ దాకా వెంట నడిచాడు.

రైలు పెట్టె కిటికీ దగ్గర నిలబడి, "ఈడనే ఉండరాదా?" అన్నాడు.

"నా మేకలు ఏం తినాల ఈడ?"

"పోనీ, నేనే ఊరికి వస్తే?"

"ఊరు నిన్ను రానిస్తాదా?"

"ఊళ్ళో ఎవురుండారు ఇంక, రానీకపోయేదానికి?"

అమ్మణి అతని వైపు మొదటిసారి తిన్నగా చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

"నేనుండా కదా" అంది.

రైలు కదిలింది. ఆమె తల తిప్పుకోలేదు, చెయ్యీ ఊపలేదు. పెట్టెలన్నీ దాటిపోయేదాకా దేవరాజులు అక్కడే నిలబడి, తర్వాత పట్టాల పక్క దారి పట్టి రాయపురం వైపు నడిచాడు. మర్నాడు నాయుడు అతనికి నాగప్పన్ అనే అరవ మనిషిని జత చేశాడు. నాగప్పన్ మంచివాడే. అతనికి తెలుగు రాదు.