క్యారియరు మీద అత్తగారు

హైమవతి సైకిలు తొక్కుతోంది, వెనక క్యారియరు మీద అత్తగారు మాణిక్యాంబగారు కాళ్లు ఒక పక్కకు వేసుకుని, పట్టుచీర కుచ్చెళ్లు చక్రంలో పడకుండా గుప్పెట్లో పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయిందని హైమవతికి తెలుసు, కానీ ఆ మాటెత్తితే నొచ్చుకుంటారేమోనని ఊరుకుంటోంది. దారి కాకినాడ మెయిన్ రోడ్డులాగే మొదలై, బట్టల కొట్లు దాటగానే ఎర్రమట్టి బాటైపోయి, ఆ పక్కనే ఆఫ్రికాలోని మలావీ సరస్సు సముద్రమంత పరుచుకుని కనిపిస్తోంది, ఇదేమిటని ఇద్దరిలో ఎవరూ అడగడం లేదు.

"జీతమెంతే?" అంటున్నారు మాణిక్యాంబగారు. బతికుండగా కూడా ఆవిడ ఎవరినైనా పలకరించేది ఇలాగే.

"జీతం లేదండి అత్తయ్యగారూ. ఇక్కడి ఆడవాళ్లకి కుట్టుపని నేర్పడానికి ఊరికే వచ్చాను."

"ఉద్యోగమున్నన్నాళ్లూ బళ్లో కుట్టు టీచరుగా చేసింది చాల్లేదూ? రిటైరయ్యాక విమానమెక్కి మరీ రావాలా? తిండేం పెడుతున్నారు?"

"మొక్కజొన్న పిండి ముద్దండి. నేను ఆవకాయ నంజుకునేదాన్ని. ఇప్పుడు వాళ్లూ నంజుకుంటున్నారు, నాకు మిగలడం లేదు."

"మోకాళ్ల నొప్పులో?"

"ఉన్నాయండి. గుర్తు రావడం లేదంతే."

"జీతం లేదు, ఆవకాయ లేదు, నొప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మరి నీకేం ఒరిగిందే?"

పొద్దున్నుంచీ హైమవతిని తొలుస్తున్న ప్రశ్నే ఇది. కుట్టు కేంద్రం నడిపే గ్రేస్ ఇంకో ఏడాది ఉండిపొమ్మని అడిగింది, సాయంత్రంలోగా చెప్పమంది. కాకినాడ నుంచి కూతురేమో "సరదా తీరిందిగా, వచ్చెయ్యమ్మా" అంటోంది. ఇలాంటివన్నీ అత్తింట్లో తేల్చేది మాణిక్యాంబగారే, తేల్చడమంటే వద్దనడమే, కాబట్టి ఇప్పుడు కూడా ఆ వద్దు కోసమే వీపు బిగించుకుని ఎదురుచూస్తూ హైమవతి మెల్లగా అంటుంది, "సైకిలు తొక్కడమొచ్చిందండి."

అని నాలిక కరుచుకుంటుంది. కాపురానికొచ్చిన కొత్తలో, బడికి వెళ్లడానికని ఆమె నాన్న కొనిచ్చిన సైకిలును మాణిక్యాంబగారు ఆ పూటే తన చిన్నకొడుక్కి ఇచ్చేశారు. కోడలు సైకిలెక్కితే వీధిలో తలెత్తుకోలేమన్నారు. అప్పుడు నడక మొదలెట్టిన హైమవతి రిటైరయ్యేదాకా నడుస్తూనే ఉంది. ఇక్కడికొచ్చాక, పొద్దున తన దగ్గర కుచ్చులు పెట్టడం నేర్చుకున్న ఆడవాళ్లే సాయంత్రం క్యారియరు పట్టుకుని వెనక పరిగెత్తారు, పడ్డప్పుడల్లా లేవదీసి పడీపడీ నవ్వారు, మోచేతులు దోక్కుపోయిన హైమవతి వాళ్లకంటే ఎక్కువ నవ్వింది. అంత నవ్వు తనలో ఉందని ఆమెకు అరవై దాటాకే తెలిసింది.

"ఆపు," అంటున్నారు మాణిక్యాంబగారు.

సైకిలు ఆగుతుంది. అత్తగారు దిగి, కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుంటుంటే, ఇప్పుడు క్షమాపణ అడుగుతారు కాబోలని హైమవతి కళ్లు తుడుచుకుని, పెద్దమనసు చేసుకున్నట్టు ముఖం పెట్టి నిలబడుతుంది.

"దిగు. నాకు నేర్పు," అంటారావిడ.

క్షమాపణ లేదు, ఏమీ లేదు. అత్తగారు సీటెక్కేస్తారు, హైమవతి క్యారియరు పట్టుకుని వెనక పరిగెడుతుంది, సైకిలు దారికి అటూ ఇటూ ఊగుతుంది. "ముందుకి చూడండి అత్తయ్యగారూ! కిందికి కాదు!" అని గదమాయిస్తుంది, ఆ గదమాయింపు ఎంతో బావుండడంతో అవసరం లేకపోయినా మళ్లీ గదమాయిస్తుంది. మాణిక్యాంబగారు పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వుతున్నారు, బాట సరస్సులోకి వంగిపోతోంది, చక్రాల కింద నీళ్లు నేలలాగే గట్టిగా ఉన్నాయి.

"అత్తయ్యగారూ, ఇంకో ఏడాది ఉండమంటున్నారు, ఉండనా?" అని రొప్పుతూ అరుస్తుంది హైమవతి.

"నన్నడుగుతావేమిటే, నేను పోయానుగా! ముందు చెయ్యి వదులు! నాకొచ్చేసింది, వదలమంటుంటే!"

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం ఎండ గదిలోకి వాలి ఉంది. మంచం మీది దోమతెర మేకుల నుంచి ఊడొచ్చి హైమవతి కుడి గుప్పెట్లో ఉండచుట్టుకుని ఉంది, గుమ్మంలో నిలబడ్డ గ్రేస్ దానికేసీ, ఆమెకేసీ మార్చి మార్చి చూస్తోంది.

"ఆలోచించారా టీచర్?"

"ఉంటాను," అంది హైమవతి, బిగుసుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటే విప్పుకుంటూ.