ముప్పై ఎనిమిది శాతం నజ్జుమా

శుక్రవారం మధ్యాహ్నం లోపల నేను చేయాల్సినవి: ఏ కోడ్ ఎవరు రాశారో డైరెక్టర్ మేడమ్‌కు నివేదిక ఇవ్వడం, మీటింగులో మాటలన్నీ మినిట్స్‌లో రాయడం, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం, కొత్త టీమ్ లీడర్ ముగెర్వా గారి కోడ్ శుభ్రతా కార్యక్రమాన్ని మెచ్చుకుంటూ ఈమెయిల్ పంపడం. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి చెప్పిన పని చెప్పినట్టు చేస్తాను. చివరిది చేయడానికి మాత్రం చేతులు రాలేదు.

కంపాలాలో మా ఆఫీసు పని ఒక్కటే: సరస్సు మీద గాలి లేచే ముందు జాలర్ల ఫోన్లకు హెచ్చరిక పంపడం. ఆ కోడ్ అంతా రెండేళ్ళు కూర్చుని నజ్జుమా రాసింది. ఫైలుకు ‘ఒముయగ’ అని పేరు పెట్టుకుంది. గాలివాన అని రేవులో చేపలమ్మే వాళ్ళకు కూడా అర్థమయ్యే పేరు. శుక్రవారంతో ఆమె కాంట్రాక్టు ముగుస్తుంది. పొడిగించేదీ లేనిదీ నా నివేదిక చూసి తేలుస్తారు.

అంతలో ముగెర్వా వచ్చాడు. వచ్చిన వారానికే సంస్కరణలు మొదలుపెట్టాడు. ‘ఒముయగ’ను ‘ఎంటర్‌ప్రైజ్ అలర్ట్ మేనేజర్’ చేసి వేరే ఫోల్డర్‌లోకి మార్చాడు. అంతటితో ఊరుకుంటే ముగెర్వా ఎందుకవుతాడు? వరుసలన్నీ కాస్త కుడికి జరిపి, పైన తన పేరు పెద్దక్షరాలతో వేసి, మొత్తం ఒకే మూటగా గిట్‌లోకి, అంటే ఏ వరుస ఎవరు రాశారో లెక్క ఉంచే మా చిట్టాలోకి, ఎక్కించాడు.

గిట్ పేరు మార్పును ఎక్కడా రాసుకోదు. పాత ఫైలు పోయింది, కొత్తది వచ్చింది అని చూసి రెండింటి లోపలి వరుసలు పోల్చుకుంటుంది. వరుస కాస్త పక్కకి జరిగినా దాని లెక్కలో అది కొత్త వరుసే. సగానికి సగం కలిస్తే ఇదే అదని ఊహిస్తుంది. కలవకపోతే ముక్కూమొహం తెలియని ఫైలే.

గురువారం నజ్జుమా నా బల్ల దగ్గరికి వచ్చింది.

“ఒక్విర్, నా ఫైలేదీ?”

“మంగళవారం పోయిందక్కా.”

“ఎవరు చంపారు?”

“ముగెర్వా. పక్కనే కొత్తది పుట్టింది. తండ్రీ ఆయనే.”

“తల్లి పేరు అడగలేదా మీ గిట్టు?”

నవ్వింది గానీ కుర్చీలో కూలబడింది. ఆమె జీతం మీద ఇద్దరు తమ్ముళ్ళు చదువుతున్నారు.

పోలిక హద్దును ముప్పై శాతానికి దించి మళ్ళీ అడిగాను. అప్పుడు గిట్ ఒప్పుకుంది: ఇది ఆ ఫైలే, పోలిక ముప్పై ఎనిమిది శాతం. సంబరంగా అచ్చు తీసి శుక్రవారం మేడమ్ ముందు పెట్టాను.

“ముప్పై ఎనిమిదా?” అంది మేడమ్ కళ్ళజోడు సర్దుకుని. “అంటే మిగతా అరవై రెండూ ముగెర్వాదేగా!”

“కాదు మేడమ్, వరుసలు పక్కకి జరిపారంతే...”

“జరపడం కష్టమే సెబో, తేలికనుకుంటున్నావా?” అన్నాడు ముగెర్వా, ‘అయ్యా’ అనే ఆ పిలుపును సాగదీస్తూ.

నజ్జుమా తల దించుకుంది. మేడమ్ పెన్ను మూత తీసింది. ఇంతలో ఫోన్ మోగింది. రేవు నుంచి జాలర్ల సంఘం పెద్ద. స్పీకర్లో అతని గొంతుతో గది నిండిపోయింది.

“ఏం మేడమ్, నిద్రపోతున్నారా? మంగళవారం నుంచి ఒక్క మెసేజ్ లేదు! పొద్దున పడవలు సగం నీళ్ళతో తిరిగొచ్చాయి!”

గంటగంటకూ హెచ్చరిక నడిపించే ప్రోగ్రాం ఇంకా ‘ఒముయగ’నే పిలుస్తోంది. ఆ పేరుతో పలికేవాళ్ళు లేరు.

“ముగెర్వా, ఫైలు నీదే కదా?” అంది మేడమ్.

“నాదెలా అవుతుంది మేడమ్! మొదటి నుంచి చివరి దాకా నజ్జుమా రాసిందే. నేను ముట్టుకున్నది పేరొక్కటే!”

ఈ మాట అక్షరం పొల్లుపోకుండా మినిట్స్‌లో రాసుకుని, ఆయన చేతే సంతకం పెట్టించాను. మేడమ్ రెండుసార్లు చదివింది. నజ్జుమా కాంట్రాక్టు ఏడాది పొడిగించింది. ముగెర్వా చెడగొట్టింది సరిచేయడమే ఆమె మొదటి పని. అరగంటలో చేసేసింది.

గిట్‌లో మాత్రం కొత్త ఫైలు మొదటి వరుస నుంచీ ముగెర్వా పేరే ఉంది. అందుకే అడుగుతున్నాను. ఫైలు పేరు మార్చాలంటే ముందు పేరొక్కటే మార్చి ఎక్కించండి, వరుసలన్నీ కలిసి గిట్ పాత ఫైలును గుర్తుపడుతుంది; సొగసులు తర్వాత దిద్దుకోవచ్చు. ఆ రెండింటి మధ్య నజ్జుమాను ఒకసారి తలుచుకోండి.