వీరప్ప బావి ఊపిరి

వీరప్ప చేనిలో ఉన్న బావి తెల్లారే పొద్దుకు ఊపిరి వదిలేది. ఎండ నడినెత్తికి వచ్చే పొద్దుకు పీల్చేది. యాడికి అనే పెద్దూరికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఆడవాళ్లు దాన్ని బట్టే పనులు చేసుకునేవాళ్లు. వదిలే వేళకు బావి ఒడ్డున కొర్రలు తూర్పారబట్టుకునేవాళ్లు, తడిబట్టలు పరుచుకునేవాళ్లు. పీల్చే వేళకు మేకపిల్లల్ని అటు పోనిచ్చేవాళ్లు కాదు. ఊళ్లోకి కొత్త కోడలు వస్తే అత్త మొదటి రోజే ఈ సంగతి చెప్పేది, ఉప్పు ఏ కుండలో ఉందో చెప్పినట్టే.

మూడేండ్లు వరసగా వానలు ఎగ్గొట్టేసరికి బావి ఊపిరి పొట్టిదైపోయింది. జబ్బు మనిషి మాదిరి గబగబా పీల్చి గబగబా వదిలేది, నడిమధ్యాహ్నం మాత్రం ఎప్పటిమాదిరే గట్టిగా లోపలికి లాగేది. "బావికి ఆయాసం పట్టింది" అనుకున్నారు జనం. అనుకొని కరువుకు సర్కారు పెట్టిన గంజి కేంద్రం కాడికి చెంబులు పట్టుకొని పోయినారు.

తిప్పమ్మకు మాత్రం ఆ ఊపిరి అంటే వణుకు. రెండేండ్ల కిందట ఆమె మొగుడు నాగప్ప పూడిక తీసేదానికి ఆ బావిలోకి దిగినాడు. పని తెమలక మధ్యాహ్నం దాకా లోపలే ఉండిపోయినాడు. బావి పీల్చింది. పైకి తీసినప్పుడు ఒంటిమీద చిన్న గీత కూడా లేదు, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఆ రోజు నుంచీ బావి పీల్చే వేళయితే చాలు, తిప్పమ్మ ఎక్కడున్నా ఎద పట్టుకుపోయేది. కరువు పనిలో కంకర కొడతా కొడతా సుత్తి వదిలేసేది. గొంతు దాటి గాలి లోపలికి పోయేది కాదు. పెదాలు నల్లబడేవి. కొంచేపటికి అదే వదిలేది. పక్కన కూర్చున్నవాళ్లు నీళ్లు తాపి మళ్లీ సుత్తి చేతికిచ్చేవాళ్లు.

ఆ ఎండాకాలం ఊరిబావి అడుగు కనపడింది. తాగే నీళ్లకు మూడు మైళ్లు నడవాల్సి వచ్చింది. వీరప్ప తన బావిని ఇంకా లోతు చేయిస్తానన్నాడు. తవ్వేదానికి ఊళ్లో కూలి చేసే వెంకటరాముడితో పాటు నల్లప్ప కూడా ఒప్పుకున్నాడు. నల్లప్ప తిప్పమ్మ తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి అయిదేండ్లు. వాణ్ణి సంకన వేసుకొని పెంచింది ఆమే.

"యా బావైనా దిగు, ఆ బావి వద్దురా" అనింది తిప్పమ్మ.

"ఇంకో బావి యాడుందక్కా? పొద్దున దిగి, అది పీల్చేలోపల ఎక్కేస్తాం."

"మీ బావ కూడా అదే చెప్పినాడు."

నల్లప్ప గడ్డపార భుజాన వేసుకొని పోయినాడు.

ఆ వారం ఆమె యాడికి సంతకు పోయింది, ఇత్తడి గిన్నెకు కళాయి పోయించుకునేదానికి. కళాయి పోసే మీరా హుస్సేన్ అరవై దాటిన మనిషి. తోలుతిత్తి ఒత్తుతా, బొగ్గులు రాజేస్తా ఉన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. తిప్పమ్మ ఉన్నట్టుండి ఎద పట్టుకొని మట్టిలో కూలబడింది. రెండు మైళ్ల అవతల బావి పీల్చిందని ఆమెకు తెలుసు.

ముసలాయన తిత్తి ఆపినాడు. ఆమె తేరుకునే దాకా పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి అమ్మీ ఇట్ల?"

తిప్పమ్మ అంతా చెప్పింది.

"నీ ఊపిరంతా మెడ కాడే ఉండాది. కిందికి దిగేదానికి భయపడతాంది" అన్నాడు మీరా హుస్సేన్. "నేను రంగూన్‌లో కర్రల మిల్లులో పనిచేస్తాంటి. పక్కగదిలో ఒక చీనా వడ్రంగి ఉన్నాడు. రోజూ పొద్దున్నే కదలకుండా నిలబడి ఊపిరి తీసుకునేటోడు. నాకూ నేర్పినాడు. జపానోళ్ల బాంబులు పడినాంక అడవుల్లో పడి నడిచొచ్చినా గదా, ఆ ఊపిరే నన్ను ఇంటికి తెచ్చింది. లోపల తిరిగే ఆ బలాన్ని వాళ్లు చీ అంటారు."

"చీ అంటారా?"

"ఊ. చీ."

తిప్పమ్మకు నవ్వొచ్చింది. ఎన్ని నెలల తర్వాత నవ్విందో ఆమెకే గుర్తు లేదు.

ఆయన లేచి నిలబడి చూపించినాడు. కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టాల. పీట మీద కూర్చోబోయి ఆగినట్టు మోకాళ్లు కొంచెం వంచాల. పెద్ద నీళ్లకడవను ఎదకు దగ్గరగా పట్టుకున్నట్టు చేతులు గుండ్రంగా పెట్టాల. ఊపిరిని బొడ్డు కిందికి పోనియ్యాల.

"తొయ్యొద్దు. దారి చూపిస్తే అదే పోతాది."

"భయం పోతాదా మామా?"

"పోదు. దాన్ని కూడా లోపలే ఉండనియ్. తరమొద్దు."

మరుసటి రోజు చీకటి విచ్చకముందే తిప్పమ్మ గుడిసె వెనక కంపచెట్ల కంచె పక్కన నిలబడింది. కొంచేపటికే తొడలు వణికినాయి. భుజాలు మండినాయి. కండ్లు మూసుకుంటే నాగప్ప మొహం కనపడింది, తెరిస్తే కంప కనపడింది. ఊపిరి మెడ కాడే ఆగిపోయింది. పక్కింటి నాగలక్ష్మమ్మ పేడ ఎత్తుకుంటా చూసి, "ఏమే తిప్పమ్మా, గాలిని వాటేసుకున్నావే?" అని నవ్వింది. తిప్పమ్మ గుడిసెలోకి పోయి తలుపు వేసుకుంది. అయినా మర్నాడు మళ్లీ నిలబడింది. ఇంకేం చేయాలో ఆమెకు తెలియదు మరి.

ఆరో రోజుకు అరచేతుల మధ్య వేడి పుట్టింది, పొయ్యి మీద చేతులు చాపినట్టు. తొమ్మిదో రోజు ఊపిరి ఎద దాటి కడుపులోకి దిగింది. దిగుతూనే కండ్లలో నీళ్లు జారినాయి, ఏడుపు మాత్రం రాలేదు. పన్నెండో రోజు నాగలక్ష్మమ్మ పేడగంపతో ఆగిపోయి, "బావికి ఆయాసం తగ్గినట్టుండాదే. విను" అనింది.

తిప్పమ్మ వినింది. ఆమె వదిలితే బావి వదులుతోంది. ఆమె పీలిస్తే పీలుస్తోంది. మూడు చేల అవతల నుంచి నేల కిందుగా ఆ మెత్తని చప్పుడు ఆమె అరికాళ్లకు తగులుతోంది.

ఆమె ఉలిక్కిపడి చేతులు దించేసింది. ఆ క్షణమే బావి ఎగశ్వాస పట్టినట్టు ఒక్కసారి కొట్టుకుంది. చేనులో కాకులు లేచి అరిచినాయి. మొగుణ్ణి మింగినదానితో కలిసి ఊపిరి తీసుకుంటాండానా అని తిప్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత మూడు రోజులు నిలబడలేదు. మూడు రోజులూ బావి కుక్క రొప్పినట్టు రొప్పింది.

నాలుగో రోజు యాడికికి పరుగెత్తింది.

ఆమె చెప్పింది విని మీరా హుస్సేన్ చేతిలో గిన్నె కింద పెట్టినాడు.

"అడవిలో నడిచేటప్పుడు నా భార్యకు ఇట్లనే ఊపిరి ఆడలేదు" అన్నాడు. "పక్కన నిలబడి నేను తీసుకుంటాంటే ఆమెకూ ఆడింది. ఒక పూట బాగున్నింది. అంతలో నాకే భయమైంది, ఇద్దరికీ నా ఊపిరి చాలదేమో అని. నడుమ ఆపినా. ఆమె అడవి దాటలేదు." తిత్తి మీద చెయ్యి పెట్టి ఊరికే నిమిరినాడు. "నిలబడమని నేను చెప్పనమ్మీ. నిలబడితే మాత్రం నడుమ ఆపొద్దు."

తిప్పమ్మ ఇంటికొచ్చింది. మర్నాడు నిలబడాలనే లేచింది. కంచె దాకా పోయి, కాళ్లు రాక వెనక్కి తిరిగింది. కంకర పనికి పోయింది.

ఆ పొద్దే బావిలో నల్లప్ప గడ్డపారకు తడి తగిలింది. ఒక బండ కింద నుంచి మట్టి చల్లగా వచ్చింది. ఎండ పైకెక్కుతోందని పైనుంచి వీరప్ప కేకేసినాడు. "ఇంకో పది దెబ్బలన్నా, బండ కదుల్తాంది" అని కింది నుంచి వెంకటరాముడు అరిచినాడు. బావి పీల్చింది. పీల్చి, వదలకుండా బిగబట్టింది.

కంకరకుప్ప కాడ తిప్పమ్మ ఎద పట్టుకుపోయింది. ఎప్పటిమాదిరి కొంచేపటికి వదలలేదు. ఆమెకు అర్థమైపోయింది. ఊపిరాడకుండానే, పడుతూ లేస్తూ పరుగెత్తింది.

ఒడ్డున జనం మూగినారు. వీరప్ప మోకుకు లాందరు కట్టి దించితే, రెండు నిలువుల లోతు దిగకముందే మంట చచ్చింది. "నల్లప్పా!" అని పిలిస్తే పలికే దిక్కు లేదు. ఇద్దరు ముగ్గురు దిగబోతే వీరప్ప చేతులు అడ్డం పెట్టినాడు. "దిగినోడు రాడప్పా. ఇద్దరు పోయింది చాలదా?"

తిప్పమ్మ ఒడ్డు మీద నిలబడింది. కాళ్లు ఎడం చేసింది. మోకాళ్లు వంచింది. చేతులు గుండ్రంగా పెట్టింది.

"ఏం చేస్తాందప్పా ఆమె?" అన్నారెవరో.

"అరవొద్దు. చేయనీండి" అన్నాడు వీరప్ప.

లోపల ఉన్న కొద్దిపాటి గాలి వదలాలంటేనే ఆమెకు చచ్చేంత భయమేసింది. వదిలితే మళ్లీ వస్తుందో రాదో. నాలుక అంగిటికి అంటుకుపోయింది. చెవుల్లో గుయ్యిమని మోత. భయాన్ని తరమలేదు, తరిమే ఓపికా లేదు. అది అక్కడే ఉండగా, ఉన్న గాలిని మెల్లిగా వదిలింది.

బావి కదల్లేదు. ఆమె ఇంకా వదిలింది. ఎద ఖాళీ అయింది, కడుపు వీపుకు అంటుకుంది. అప్పుడు బావి ఒడ్డున దుమ్ము సన్నగా లేచింది. ఆ వెనకే లోపలి నుంచి వెచ్చని, కుళ్లిన వాసన ఎగదన్నింది. ఆమె కొంగు గాలికి పైకి లేచింది. బావి వదులుతోంది, ఆమె ఎంతసేపు వదిలితే అంతసేపు.

ఇప్పుడు పీల్చాల. ఆమె పీలిస్తే బావీ పీలుస్తాది. పీల్చిందే గదా నాగప్పను తీసుకపోయింది. తిప్పమ్మ కండ్లకు చీకట్లు కమ్మినాయి. లోపల తమ్ముడున్నాడు. ఆమె నోరు మూసుకొని అట్లనే ఉండిపోయింది, ఇంక ఉండలేనంత దాకా.

తర్వాత పీల్చింది. సంకలో నిద్రపోతున్న పిల్లవాణ్ణి లేపకుండా చాప మీద పడుకోబెట్టేంత మెల్లిగా. బావి కూడా అంత మెల్లిగానే పీల్చింది. పైనున్న చేనుగాలి, ఎండవాసన, అంతా సన్నగా లోపలికి దిగింది.

ఆమె మళ్లీ వదిలింది, మళ్లీ పీల్చింది. ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు. అడుగు నుంచి ఒక దగ్గు వినపడింది. వీరప్ప లాందరు మళ్లీ దించినాడు. ఈసారి అది అడుగుదాకా వెలుగుతూ పోయింది. ఇద్దరు దిగి, ముందు వెంకటరాముణ్ణి, తర్వాత నల్లప్పను మోకుకు కట్టినారు. పైనున్నవాళ్లు లాగినారు. వాళ్ల మొహాలు బూడిదరంగు తిరిగి ఉన్నాయి, ఎదలు మాత్రం ఆడుతున్నాయి.

"అక్కా" అన్నాడు నల్లప్ప. తిప్పమ్మ తల తిప్పలేదు, చేతులు దించలేదు.

"లోపల ఇంకెవరున్నారు?"

"దిగినోళ్లు ఇద్దరుండారు, ఎక్కతాండారు." కొంచెం సేపటికి వీరప్పే మళ్లీ చెప్పినాడు. "అందరూ ఎక్కినారమ్మా. ఇంక కూర్చో."

అప్పుడు కూర్చుంది. నల్లప్ప తలను ఒళ్లోకి లాక్కొని, వాడి ముక్కు కింద వేలు పెట్టి, పొద్దుగూకేదాకా తీయలేదు.

నాలుగు రోజులకు నల్లప్ప లేచి తిరిగినాడు. ఆ రోజే వీరప్ప ఊరి పెద్దలతో గుడిసె ముందుకు వచ్చినాడు. ఖాళీ కడవలు పట్టుకొని ఆడవాళ్లు దూరంగా నిలబడినారు.

"తడి తగిలిందక్కా" అన్నాడు నల్లప్ప. "ఆ బండ తీస్తే నీళ్లే. నువ్వు వద్దంటే దిగను. ఒట్టు."

వద్దని చెప్పేదానికి తిప్పమ్మ నోరు తెరిచింది. మీరా హుస్సేన్ తిత్తిని నిమిరిన చెయ్యి గుర్తొచ్చింది. ఆమె ఎవరివైపూ చూడకుండా బావి దారి పట్టింది.

ఒడ్డు మీద కాళ్లు ఎడం చేసి నిలబడింది. తొడలు మొదటి రోజు మాదిరే వణికినాయి. అడుగున బావి ఆమె కోసం కాచుకొని ఉంది. నల్లప్ప మోకు నడుముకు కట్టుకొని ఆమె మొహం చూసినాడు.

"దిగేదా అక్కా?"

"నాకు శానా భయంగా ఉండాదిరా" అనింది తిప్పమ్మ. చేతులు గుండ్రంగా ఎత్తి, ఉన్న ఊపిరిని మెల్లిగా వదిలింది. కింద బావి వదిలింది. "ఆపను. దిగు."