గోదాట్లో మునిగిన టోపీ దొర

నేను ఒక మనిషి బొమ్మను. ఏ మనిషి బొమ్మనని అడిగితే చెప్పలేను. నన్ను చెక్కినవాడికే ఆ సంగతి తెలియదు. అరచేతికంటె కాస్త పెద్దదైన గట్టి చెక్కముక్క మీద ఒక పొడుగాటి టోపీ, మోకాళ్లదాకా కోటు, పైకెత్తిన కుడిచెయ్యి. అంతే నేను. ఆ చెయ్యి ఎవరినో పిలుస్తున్నట్టూ ఉంటుంది, సెలవు తీసుకుంటున్నట్టూ ఉంటుంది, కొట్టబోతున్నట్టూ ఉంటుంది. నేను అన్నేళ్లు పనికొచ్చానంటే ఆ చెయ్యి వల్లనే.

నేను పుట్టింది లండను నగరంలో, ఒక ఇరుకు సందులో ఉన్న అచ్చుకొట్టులో. అక్కడ పుస్తకాలు వేసేవారు కాదు. ఒంటి కాగితం మీద పైన బొమ్మ, కింద పాట. ఊళ్లో హత్య జరిగితే హత్య పాట, ఓడ మునిగితే ఓడ పాట, రాజుగారింట్లో పెళ్లయితే పెళ్లి పాట. వాటిని చేతిమీద వేసుకుని వీధి మలుపుల్లో పాడుతూ అమ్మేవారు. కూలివాళ్లు, వంటమనుషులు, బండ్లు తోలేవాళ్లు ఒక రాగినాణెం పడేసి కొనుక్కుని సారాకొట్టు గోడకో, మంచం తలాపునో అంటించుకునేవారు. చదువు రానివాళ్లు బొమ్మను చూసి కొనేవారు, అంటే నన్ను చూసి.

కొట్టు యజమాని థామస్ పెల్‌కి కొత్త బొమ్మ చెక్కించడమంటే ప్రాణసంకటం. అందుచేత సోమవారం నేను సముద్రానికి బయల్దేరే నావికుణ్ణి. బుధవారం పెళ్లికొడుకుని. శుక్రవారం అత్తగారిని చంపి ఉరికంబం ఎక్కబోయే హంతకుణ్ణి. ఒక్కరూ అనుమానించలేదు. ఒక ముసలామె అయితే హంతకుడి కాగితం పట్టుకుని నన్ను తేరిపార చూసి, "వీడి దుర్మార్గం మొహంలోనే తెలిసిపోతోంది" అంది. రెండు రోజుల క్రితం అదే మొహాన్ని పెళ్లికొడుకుగా కొనుక్కుని మురిసిపోయింది ఆవిడే.

తరవాత చవక వార్తాపత్రికలు వచ్చాయి. పాటలు కొనేవాళ్లు తగ్గారు. పెల్ పోయాక కొట్టు సామాను వేలం వేశారు. ఇనప అచ్చుయంత్రంతోపాటు నేనూ ఓడెక్కి, మద్రాసు మీదుగా కాకినాడ చేరాను. మమ్మల్ని కొన్నాయన వీరాచారిగారు. పెట్టె అడుగున నన్ను చూసి, పంచె కొంగుతో తుడిచి, "ఈ దొరెవరోగాని పనికొస్తాడు" అన్నారు. పెల్‌కీ ఆయనకీ ముఖపరిచయం కూడా లేదు. బుద్ధులు మాత్రం ఒకటే.

ఆచారిగారి దగ్గర పాటలు వేయించేది నూకాలు. చేతిలో చిడతలు, భుజాన సంచీ, సంతసంతకూ తిరిగేది. చదువు రాదు. ఆవిడ పాడుతుంటే ఆచారిగారు రాసుకుని అచ్చువేసేవారు. కాగితం ఎక్కడుంటే నా కళ్లు అక్కడుంటాయి గనక, ఆవిడతోపాటు నేనూ గోదావరి జిల్లా అంతా తిరిగాను.

ఒక ఏడు ఎండాకాలం మొదట్లో కోటిపల్లి రేవులో పడవ తిరగబడింది. పదిహేనుమంది జనం, పడవ నడిపే సింహాద్రి. పదిహేనుమందీ గట్టుకు చేరారు. సింహాద్రి చేరలేదు. మర్నాడు అతని తలగుడ్డ మాత్రం దొరికింది. వారం తిరక్కుండా నూకాలు పాట కట్టేసింది.

పదిహేను పానాలు గట్టుకి సేర్చి
పదహారో పానాన్ని గోదారికిచ్చె

పైన బొమ్మ ఎవరిది? నాదే. టోపీతో, కోటుతో, చెయ్యెత్తి మునిగిపోతూ.

నిజానికి పడవ తిరగబడ్డచోట నీళ్లు గుండెలోతు. పదిహేనుమందీ లేచి నడిచి వచ్చారు. కాని పాట విన్నాక వాళ్లకే ఏదో చెయ్యి లాగినట్టు గుర్తుకు రావడం మొదలైంది. ఒకాయన తన జబ్బ మీద సింహాద్రి వేళ్ల గుర్తులు కూడా చూపించేవాడు.

మూడో వారం ద్రాక్షారామం సంతలో నూకాలు పాడుతుంటే, గడ్డం మాసిన మనిషి ఒకడు గుంపులో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. పాట అయ్యాక ముందుకొచ్చి కాగితం చూశాడు.

"ఈ దొరెవరండి?" అన్నాడు.

"దొరేటయ్యా, ఆయనే సింహాద్రి. పడవ నడిపేవోడు."

"సింహాద్రికి టోపీ ఎక్కడిదండి?"

"సచ్చిపోయినోళ్లకి అన్నీ ఉంటాయి. కొంటావా, పక్కకి జరుగుతావా?"

"కొంటానుగానండి," అని అతను గొంతు తగ్గించాడు. "సింహాద్రిని నేనేనండి."

నూకాలు చిడతలు ఆగిపోయాయి. అతన్ని చెయ్యి పట్టుకుని గుడ్డలకొట్టు వెనక్కి లాక్కుపోయింది. అక్కడ అతను అంతా చెప్పేశాడు. గాలికి పడవ ఒరగ్గానే అందరికంటె ముందు తనే దూకాడు. భయంలో దూకింది లోతువైపు. ప్రవాహం ఈడ్చుకుపోయి దిగువన ఒక లంకలో పడేసింది. పుచ్చపాదులవాళ్లు చేరదీశారు. రెండు రోజుల్లో ఒళ్లు తేరుకుంది. కాని పదిహేనుమందీ పోయారనుకుని, మొహం చూపించలేక, అన్నాళ్లూ పుచ్చకాయలు తింటూ ఏడుస్తూ కూర్చున్నాడు. అందరూ బతికారని ఇప్పుడే, ఈ పాటలో విన్నాడు.

"ఇంకో రెండు సంతలు ఆగి బతికుంటే నీ సొమ్మేం పోయేదయ్యా?" అంది నూకాలు. సంచీలో కాగితాలు ఇంకా సగం ఉన్నాయి మరి. తరవాత అడిగింది. "ఇంటికెళ్లావా?"

"లేదండి. బయంగా ఉంది."

"నీ పెళ్లాం గాజులు తీసేత్తంటే నేనక్కడే ఉన్నాను. దాని పక్కనే కూకుని పాట పాడాను." నూకాలు సంచీ భుజాన వేసుకుంది. "నడు."

సింహాద్రి భార్య పేరు మంగ. కోటిపల్లి రేవు పక్కన తాటాకు ఇల్లు. గోడకు నా కాగితం అంటించి, పొద్దున్నే నా పాదాల దగ్గర రెండు పువ్వులు పెట్టేది. ఈ బొమ్మ మీ ఆయనలా లేదని ఎవరైనా అంటే, "టోపీ కాదుగాని, ఆ సెయ్యి ఆయనదే" అనేది. హంతకుడిగా ఉన్న రోజుల్లో నాకు రాళ్ల దెబ్బలు తెలుసు. పువ్వులు అదే మొదటిసారి.

గుమ్మంలో మనిషిని చూసి మంగ అరవలేదు. ముందు అతని పాదాలు చూసింది, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. ముందుకే ఉన్నాయి. అప్పుడు చేతిలో ఉన్న చేటతో అతని వీపు మీద నాలుగు వాయించి, చేట పారేసి, అతని కాళ్ల దగ్గరే కూలబడి ఏడ్చింది.

క్షణాల్లో ఊరంతా వాకిట్లో చేరింది. ఒకడు భుజాలకెత్తుకోబోయాడు. సింహాద్రి చేతులు జోడించాడు.

"నేనెవర్నీ లాగలేదండి. ముందు దూకింది నేనే."

"చూశారా," అన్నాడు వేళ్ల గుర్తులు చూపించే ఆయన. "అంత పని చేసి కూడా ఎంత అణకువో."

జనం ఇంకా పొగిడారు. అతను చెప్పినకొద్దీ అతని గొప్పతనం పెరుగుతోంది. నిజం చెప్పి నమ్మించలేక తన్నుకులాడే మనిషిని నేను లండనులో కూడా చూడలేదు.

చివరికి గుంపు వెనక నుంచి సూరమ్మ అనే ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆరోజు చింతపండు బుట్టతో పడవలో ఉన్నది ఆవిడ.

"ఆడు సెప్పింది నిజవే. నా బుజం మీద కాలేసి దూకాడు. ఇదిగో, ఇంకా సలుపుతోంది."

అందరూ సింహాద్రి వైపు తిరిగారు.

"నిజవేనా, మావా?" అంది మంగ.

"నిజవే."

సింహాద్రి సూరమ్మ కాళ్లమీద పడ్డాడు. "లే," అంది ఆవిడ. "కాళ్లు అట్టుకుంటే బుజం నొప్పి పోదు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు పాకి పాకి ఊరంతా అంటుకుంది. నీళ్లు గుండెలోతేనని అప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

నవ్వు బాగానే ఉందిగాని, మర్నాటినుంచి అతని పడవ ఎవరూ ఎక్కలేదు. పది రోజులు పడవ తోసే గెడ పట్టుకుని రేవులో ఒంటరిగా కూర్చున్నాడు. మంగ ఒక్కమాట సూటిపోటిగా అనలేదు. పదకొండో రోజు పొద్దున్న అతన్ని వెంటబెట్టుకుని కాకినాడ వెళ్లింది. నూకాల్ని పిలిపించి, ఆచారిగారి ముందు కూర్చోబెట్టింది.

"ఎలాగూ నవ్వుతున్నారు. ఉన్నదున్నట్టు పాట కట్టు, నూకాలప్పా. మా ఆయనే నీ పక్కన నిలబడి పాడతాడు."

నూకాలు సింహాద్రి వైపు చూసింది. అతను తలొంచుకుని, "పాడతానండి" అన్నాడు.

ఆచారిగారు అలవాటు కొద్దీ నన్ను తీసి అచ్చుకు బిగించబోయారు. మంగ ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"పాట నిజమైతే బొమ్మ కూడా నిజమవ్వాలి గదండి. టోపీ తీసెయ్యండి."

ఆచారిగారు చాలాసేపు గొణిగారు. తరవాత ఉలి తీశారు. ఆయన ముత్తాతలు చెక్కపని చేసినవాళ్లేనని ఆ చేతివాటంలో తెలిసింది. టోపీ పోయి తలగుడ్డ వచ్చింది, కోటు పోయి గోచీ పంచె వచ్చింది. సింహాద్రి బొమ్మకోసం నిలబడి సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. నేను నావికుణ్ణయ్యాను, హంతకుణ్ణయ్యాను, ఎన్నోసార్లు పెళ్లికొడుకునయ్యాను. ఒక మనిషిని కావడం మాత్రం అప్పుడే. దొరికిన మనిషి పిరికివాడు. నాకేం చిన్నతనంగా అనిపించలేదు.

ఆ పాట మొదటి పాటకంటె ఎక్కువ పాడించుకుంది. "ముందుగా దూకింది నేనేనయ్యా" అని సింహాద్రి గొంతెత్తితే సంత సంతంతా విరగబడి నవ్వేది. మొదట్లో అతని కళ్లలో నీళ్లు తిరిగేవి. నాలుగో సంతకు అతనూ నవ్వడం నేర్చుకున్నాడు.

చెక్కినచోట నాకు బీట వేసింది. అచ్చుకు ఇక పనికిరానని ఆచారిగారు నన్ను మంగకిచ్చేశారు. ఆవిడ నన్ను పడవ ముక్కుకు మేకుతో కొట్టించింది.

పాటైతే అందరికీ నచ్చింది, పడవ మాత్రం ఖాళీగానే ఉండేది. ఒక ఉదయం సూరమ్మ బుట్టతో వచ్చి ఎక్కి కూర్చుంది. గట్టుమీదివాళ్లు వద్దని కేకలేశారు.

"మిగతావోళ్లు ఎప్పుడు దూకుతారో మనకి తెల్దు," అంది ఆవిడ. "ఈడు దూకేశాడు గదా." అని, సింహాద్రి పంచె కొస లాగి తన మణికట్టుకు గట్టిగా ముడేసుకుంది.

అది చూసి ఇంకో నలుగురు ఎక్కారు. నడిఏట్లో గాలి లేచి పడవ కొంచెం ఒరిగింది. అందరూ గుడ్లప్పగించి సింహాద్రినే చూశారు.

"ఇక్కడే ఉన్నాను మామ్మా," అన్నాడు అతను.

"ఉంటావులే. గెడ ఎయ్యి."

ముక్తేశ్వరం రేవు వచ్చింది. అందరూ దిగారు. సింహాద్రి పంచె కొస విప్పబోతే సూరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"సింతపండు కాటా ఏయించేదాకా నువ్వూ నాతోనే రా," అంది. "మళ్లీ తిరుగు పెయానం ఉంది గదా."

బుట్ట నెత్తిన పెట్టుకుని, ఆవిడ చేతికున్న పంచె కొస వెంట, అతను గట్టెక్కాడు.