సబ్బు చుక్క

వదిన తయారుచేసిన యంత్రపు పురుగు కంటికి ఆనదు. స్క్రూలా మెలికలు తిరిగిన తోక, దానిమీద అయస్కాంతానికి లొంగే పూత, అంతే. దాన్ని నడిపేది మరదలు. గాజు గొట్టం చుట్టూ అమర్చిన తీగచుట్టల్లోకి ఆమె కరెంటు వదిలితే తోక గిర్రున తిరుగుతుంది, పురుగు ఈదుతుంది. అంత చిన్నదానికి నీళ్ళు కూడా పాకంలా చిక్కగా ఉంటాయి. అటూ ఇటూ కొట్టుకుంటే ఎంత ముందుకి పోయిందో అంతా వెనక్కి వచ్చేస్తుంది. అందుకే సూక్ష్మజీవులు తోక మెలితిప్పుతూ పోతాయి. ఆ విద్య వదిన వాటి దగ్గరే నేర్చుకుంది. ఇంట్లో మాత్రం ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోదని మరదలి అభిప్రాయం.

ఆరోజు పదకొండింటికి కంటి డాక్టరమ్మ రావాలి. కంట్లోకి మందు మోసుకెళ్ళే పురుగు నిజంగా ఈదితే ఆస్పత్రి వాళ్ళు ఈ పనిని నిలబెడతారు. లేకపోతే రేపటినుంచి ఈ ప్రయోగాల గది వేరేవాళ్ళది, వదిన మూడేళ్ళ కష్టం అట్టపెట్టెల పాలు. చేసిన పన్నెండు పురుగుల్లో పదకొండింటి తోకలు విరిగాయి. ఉన్నది ఒక్కటే.

పదిన్నరకి మరదలు మీట తిప్పింది. సూక్ష్మదర్శిని తెరమీద పురుగు ఉన్నచోటే వణికింది తప్ప అంగుళంలో వెయ్యోవంతు కూడా కదల్లేదు.

"ఏవండీ డ్రైవరుగారూ, బండి కదలదేం?" అంది వెనకనుంచి వదిన.

"ముందు వేడెక్కనీ వదినా," అంది మరదలు. వేడెక్కింది ఆమె చెవులే.

మీట ఇంకొంచెం తిప్పింది. తోక ఇంకా గట్టిగా వణికింది. ఇంకాస్త తిప్పితే పుటుక్కుమంటుంది. మరదలు గబుక్కున చెయ్యి తీసేసింది.

వదిన తెరమీదికి వంగింది. "గాజుకి అతుక్కుపోయినట్టుందే! అదేమిటి, సబ్బు వేశానుగా?"

"సబ్బా?"

"ద్రవంలో ఒక్క చుక్క. అది లేకపోతే ఇంత చిన్నది గోడ వదుల్తుందా?"

"మరి ఎక్కడా రాయలేదే?"

"కూరలో ఉప్పెంతో రాసుకుంటామా ఏమిటి?"

మరదలు తెరమీదినుంచి గొట్టంవైపు చూసింది. పొద్దున్న ముందుగా వచ్చింది తనే. గొట్టం వేలికి జారుడుగా తగిలింది. ఈవిడగారి అంట్లు తోమడం ఇక్కడా ఇంతేనన్నమాట, అనుకుని, ఉన్న ద్రవం పారబోసి, శుభ్రంగా కడిగి, కొత్త ద్రవం పోసి, అందులోకి విడిగా దాచిన పురుగుని వదిలింది. వదినకి ఒక పాఠం చెప్పినట్టుంటుందని ముచ్చటపడింది కూడా.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గడియారం పది నలభై అంటోంది.

"నా తోకే వంకరపోయిందేమో," అంది వదిన. ఆ గొంతులో ఎకసెక్కెం లేదు. ఎకసెక్కెం లేని వదిన గొంతు, ఆమె కాపురానికొచ్చిన కొత్తలో తప్ప మరదలు వినలేదు. "మూడేళ్ళూ తప్పే చేశానా?"

"వదినా, గొట్టం నేను కడిగేశాను. నువ్వు సరిగ్గా కడగలేదనుకుని."

"ఎన్నిసార్లు?"

"మూడు. వేణ్ణీళ్ళతో."

వదిన ఆమెని ఎగాదిగా చూసింది. "అచ్చం అత్తయ్యగారే," అని, చిన్న సబ్బు సీసా కోసం పరిగెత్తింది.

సబ్బు కలిపిన ద్రవాన్ని గట్టిగా తోస్తే పురుగు అవతలి కొసనుంచి కొట్టుకుపోతుంది. కలపడానికి కుదరదు, గిలకొట్టడానికి కుదరదు. గొట్టం మూతిదగ్గర చుక్క పెట్టి, దానంతట అది లోపలికి పాకేదాకా కూర్చోవాలి. ఇద్దరూ ఊపిరి కూడా పొదుపుగా వాడుతూ కూర్చున్నారు.

డాక్టరమ్మ అయిదు నిమిషాలు ముందే వచ్చింది. "పదకొండుంబావుకి నాకు ఆపరేషను ఉంది. ఏదీ, ఈదించండి."

వదిన నోరు తెరిచేలోగా మరదలు అందుకుంది. "గాజుకి అతుక్కుపోయిందండీ. తప్పు నాది. సబ్బు లోపలికి చేరేదాకా ఆగాలి."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుంది. పదకొండు దాటింది. అయిదు. ఎనిమిది. ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. మరదలు మీటని వేలి కొసతో జరిపింది. పురుగు ఒకసారి ఒరిగింది, గోడ వదిలింది, మెలికలు తిరుగుతూ తెర ఈ చివరినుంచి ఆ చివరికి పోయింది.

వదిన నవ్వబోయింది.

"బాగుంది. కంట్లో సబ్బు ఎవరు వేస్తారు?" అంది డాక్టరమ్మ.

వదిన తెరమీది తోకవంక చూసింది.

"తోకకే జారుడు పూత వెయ్యాలి," అంది.

"వేశారా?"

"లేదండీ. ఒక నెల పడుతుంది."

"నెలపాటు గది జోలికి రావద్దని మీ పైవాళ్ళకి చెప్తాను. అప్పుడు సబ్బు లేకుండా ఈదాలి. ఈదకపోతే నన్ను పిలవకండి."

ఆవిడ వెళ్ళిపోయింది. పూత వెయ్యాలంటే ఈ పురుగుకే వెయ్యాలి. ముందు దాన్ని తోక విరగకుండా గొట్టంలోంచి బయటికి తియ్యాలి. వదిన సన్నని పీల్చుగొట్టం అందుకుంది, తన చేతిని చూసుకుంది, అది వణుకుతోంది. మరదలికి ఇచ్చింది.

"నాదీ వణుకుతోంది వదినా."

"తెలుసు. నీది కొంచెం తక్కువ వణుకుతోంది. కానియ్యి."