ఏడో పేలుడు

నేను ఒక ఇత్తడి ఈలను. పట్నంలో రేకు వంచి, కడుపులో బెండు గోళీ వేసి అతుకు పెట్టారు. ఏ ఆటల మాస్టారి మెళ్లోనో పడి ఉంటే గౌరవంగా బతికేదాన్ని. నా ఖర్మ కాలి మూలవాగు కొండ మీది రాళ్ల క్వారీకి, మేస్త్రీ ఓబులేసు మెళ్లోకి వచ్చాను.

బండ రంధ్రాల్లో మందు కూరి ఒత్తులు అంటించే ముందు నన్ను మూడుసార్లు ఊదేవాడు. అందరూ చాటుకు పోయేవారు. ఎన్ని ఒత్తులు అంటించారో అన్ని పేలుళ్లు లెక్కకొస్తే, ఒక్కసారి దీర్ఘంగా ఊదేవాడు. అప్పుడే లోపలికి. ఒక్కటి తగ్గినా ఆ పూటకు ఎవరూ అడుగు పెట్టకూడదు.

ఆ రోజు ఏడు ఒత్తులు. కింద లారీలు కాచుకుని ఉన్నాయి, గుత్తేదారు మేస్త్రీ నెత్తిన కూర్చున్నాడు. ఆరు పేలాయి. ఆరోదాని చప్పుడు ఎదుటి కొండకు తగిలి తిరిగొస్తే, ఓబులేసు దాన్నీ లెక్కలో కలిపేశాడు.

"అన్నా, ఆరే పేలినయ్," అన్నాడు తమ్ముడు గురవయ్య.

"ఏడురా. నాకేమన్నా చెవుడా?"

నన్ను దీర్ఘంగా ఊదాడు. అన్న మాట కాదనలేక గురవయ్యే అందరికంటే ముందు గునపంతో వెళ్లాడు. ఏడోది అతని కాళ్ల దగ్గర పేలింది. దొరికినంతవరకు గోనెసంచిలో మోసుకొచ్చారు.

ఈల ఊదకముందే గురవయ్య లోపలికి వెళ్లాడని చెప్పమన్నాడు గుత్తేదారు. ఓబులేసు చెప్పాడు. పోలీసులకే కాదు, గురవయ్య పెళ్లాం సుంకులమ్మకూ చెప్పాడు. నా మోత విన్నవాళ్లు పదిమంది. పదిమందికీ మర్నాడు పని కావాలి. మనుషులు ఎంత బుద్ధిమంతులో అప్పుడే చూశాను.

క్వారీ మూతపడి పదేళ్లయింది. ఇప్పుడు పట్నంవాళ్లు ఆదివారాలు సరదాగా కొండెక్కడానికి వస్తారు. ఓబులేసు దారి చూపిస్తాడు. పాత క్వారీ గుంట దగ్గరి మలుపులో సుంకులమ్మ మజ్జిగ అమ్ముతుంది. మొగుణ్ణి తిట్టుకోని రోజు లేదు.

మొన్న దసరాకు పనిముట్ల పూజ అని ఆమె నన్ను ఇమ్మని అడిగింది. ఓబులేసు నన్ను మెళ్లోంచి తియ్యకుండానే ముందుకు వంగాడు. మొగుడు పోయినదాన్నని కుంకుమ జోలికి పోకుండా నాకు పసుపు మాత్రం రాసింది.

"తొందరమనిషి. ఈ ఈల తల్లి మాట వినుంటే బతికేవోడు," అని కొండెక్కడానికి వచ్చినవాళ్లతో చెప్పింది. "మా బావ ఎంత మొత్తుకున్నా ఆగలేదంట."

తర్వాత ఓబులేసు కాళ్లకు మొక్కింది.

"నువ్వు సల్లగుండాల బావా."

ఓబులేసు ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవించాడు.