దొర చూస్తున్నంతసేపూ

నాలుగు గంటల్లోగా సంతకం పెట్టాలి. కాగితం మీద ఉన్నవి రెండే వాక్యాలు. "నా పదకొండేళ్ల పరిశోధన తప్పని తేలింది. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను." పక్కనే మూత తీసిన పెన్ను.

అప్పుడు టైము మూడు ఇరవై.

ఆ పరిశోధనాలయంలో ఆమెను అందరూ కాకమ్మ అంటారు. ఎదురుగా మెల్లగా, వెనకాల గట్టిగా. పదకొండేళ్లుగా కాకుల నడత చూసి ఆమె తేల్చింది ఒక్కటే. పెత్తనం చేసే కాకి చూస్తుంటే, చిన్న కాకి తనకు వచ్చిన పని కూడా రానట్టు నటిస్తుంది. తిండిపెట్టె తీస్తే, ఆ తిండి పెద్దది లాక్కుంటుందని దానికి తెలుసు.

కొత్త డైరెక్టర్ అదే పరీక్ష మళ్లీ చేయించాడు. ఆరు కాకుల్ని ఒక్కొక్కటిగా గదిలోకి వదిలారు. గొళ్లెం పెట్టిన తిండిపెట్టెను ఒక్కటీ తీయలేదు. పెత్తందారు లేకపోయినా తీయలేదంటే, వాటికి రానే రాదన్నమాట.

ఫోన్ మోగింది. అత్తగారు.

"పెట్టేశావా సంతకం?"

"ఇంకా లేదత్తయ్యా."

"పెట్టావంటే ఇవాళ నీకు అన్నం లేదు, చెప్తున్నా. మనింట్లో పెరిగినప్పుడు ఆ కుంటి కాకి నా కళ్లజోడు ఎత్తుకుపోయి, నేను అటు తిరిగేదాకా ఆగి మరీ దాచింది. దానికి తెలివి లేదంటే నాకూ లేనట్టే!"

కాకమ్మ నవ్వుకుని ఫోన్ పెట్టేసింది. డైరెక్టర్ పరీక్ష వీడియో మళ్లీ నడిపింది. పదిహేనోసారి. ఆరు కాకులూ పెట్టె దాకా వచ్చాయి. ఆరూ ఆగాయి. ఆరూ ఎదురు గోడకున్న అద్దం వైపు ఒక్కసారి చూసి వెనక్కి తగ్గాయి.

అద్దంలో తమను తామే చూసుకున్నాయా? ఆరూ ఒకేలాగా?

ఆమె కాగితం మడిచి చేతిలో పట్టుకుని పరుగు లాంటి నడకతో బయల్దేరింది.

అద్దం వెనక చిన్న గదిలో డైరెక్టర్, ఆయన డిప్యూటీ, ముగ్గురు కమిటీ సభ్యులు కూర్చుని ఉన్నారు. అక్కడి నుంచి పరీక్ష గది కనిపిస్తుంది. పరీక్ష గదిలోని పక్షికి మాత్రం అద్దమే కనిపించాలి.

"వచ్చారా? సంతకం అయిందా?" అన్నాడు డైరెక్టర్.

"ఒక్క మాట సార్. పరీక్ష జరిగినప్పుడు దొర ఎక్కడుంది?"

దొర అంటే ఆ మందకు పెద్ద కాకి.

"ఇదిగో, ఇక్కడే. నా కుర్చీ పక్కన. పరీక్ష గదిలో ఉండకూడదు కదా, అందుకే బయట పెట్టాం." ఆయన మూలనున్న బోను చూపించాడు. దొర మెడ నిక్కించి చూసింది.

"ఈ లైటు అప్పుడూ వెలుగుతోందా?"

"నోట్సు రాసుకోవద్దా? చీకట్లో రాయడానికి నేనేమైనా గుడ్లగూబనా?"

సభ్యులు నవ్వారు. డిప్యూటీ నవ్వలేదు. తల దించుకున్నాడు.

"కుంటిదాన్ని వదలండి," అంది కాకమ్మ.

"ఇంకెన్ని కాకమ్మ కథలు వినాలి మేం?"

"ఒక్కటే. ఐదు నిమిషాలు. అది తీయకపోతే మీ ముందే సంతకం పెడతా."

పెద్ద సభ్యురాలు వాచీ చూసుకుని తలాడించింది.

కుంటిది వచ్చింది. మందలో అన్నిటికంటే కిందిది. ఒంటికాలి మీద గెంతుతూ పెట్టె దగ్గరికి చేరి, అద్దం వైపు చూసి ఆగిపోయింది. తర్వాత నేల మీద లేని గింజల్ని ఏరసాగింది.

"చూశారా?" అన్నాడు డైరెక్టర్.

కాకమ్మ గోడ దగ్గరికి వెళ్లి స్విచ్ ఆపేసింది. చీకటి.

"ఏం చేస్తున్నారు!"

"ఈ గదిలో లైటు వెలిగితే అద్దం కిటికీ అయిపోతుంది సార్. ఆరు కాకులకూ దొర కనిపించింది. ఆరూ తెలియనట్టు నటించాయి. మీ పరీక్ష తప్పడమే నా రుజువు."

అద్దం అవతల కుంటిది తలెత్తింది. అటు చూసింది, ఇటు చూసింది. ముక్కుతో గొళ్లెం పైకెత్తి, పక్కకు లాగి, మూత తెరిచింది. తొమ్మిది సెకన్లు. మాంసం ముక్క నోట కరచుకుని గంభీరంగా వెనక్కి గెంతింది.



"యాదృచ్ఛికం," అన్నాడు డైరెక్టర్. "లైటు సంగతి ముందే తెలిసుంటే నేనే ఆపించేవాణ్ణి. నాకెవరూ చెప్పలేదు."

చీకట్లోంచి ఒక గొంతు లేచింది. డిప్యూటీది. ఏడేళ్లుగా నలుగురిలో ఏ డైరెక్టర్ ముందూ "అలాగే సార్" తప్ప మరో మాట పలకని గొంతు.

"నేను చెప్పాను సార్. మొదటిరోజే. రెండుసార్లు చెప్పాను. మీరు నోరు మూసుకుని రాసుకోమన్నారు."

కుర్చీ కిర్రుమంది.

"లైటు వెయ్యండి!" అని అరిచాడు డైరెక్టర్.

కాకమ్మ చేతిలోని కాగితాన్ని నిలువునా చింపింది. ఆ చప్పుడు అందరికీ వినబడింది. స్విచ్‌కు అడ్డంగా నిలబడింది, కదల్లేదు.

"ఆగండి సార్," అంది. "ఇంకెవరైనా చెప్పేదుందేమో చెప్పనివ్వండి."